కుర్చీలు ఎత్తేయించిన భారతి

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను.

కానీ పొద్దుట్నుంచి మా వీధి వాట్సాప్ గ్రూపులో ‘మృదుస్వభావి’, ‘ఎవరినీ నొప్పించని మనిషి’ అని పెడుతున్నారు.

ఎవరి గురించప్పా ఇది?

నిన్న తెల్లవారగానే ఫోన్. భారతి పోయిందన్నారు. హార్ట్ ఎటాక్. చేతిలో కాఫీ ఎప్పుడు చల్లారిందో తెలియదు.

భారతి మా వీధి పిల్ల. తిరుపతి యూనివర్సిటీలో రీసెర్చ్ చేసింది. బడుల్లో కంప్యూటర్లంటే మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఉండే ఇష్టంలో తేడా ఏమిటని.

నాది షామియానా, కుర్చీల వ్యాపారం. బడి చిన్నప్పుడే మానేశాను. చదివిందంతా పొట్లాల కాగితాల్లోనే. అందుకే చాలా కథలకు చివర ఏమైందో నాకు తెలియదు.

సరే, అది వేరే సంగతి.

కార్వేటినగరం దగ్గర ఒక బడిలో ఆడపిల్లలు ‘కంప్యూటర్ ఇష్టం లేదు’ అని టిక్ పెట్టారు. “ఆడపిల్లలకు ఇంట్రెస్ట్ తక్కువ అని రాసెయ్యమ్మా. లేదంటే థీసిస్ మీద సంతకం పెట్టను” అన్నాడు గైడ్.

ఆమె రాయలేదు. మళ్ళీ ఆ బడికి పోయి ల్యాబ్‌లో ఓ మూల నిలబడి చూసింది.

ఒక్కో కంప్యూటర్‌కు ఒకటే కుర్చీ. బెల్ కొట్టగానే మగపిల్లలు పరిగెత్తి కూర్చుంటారు. ఆడపిల్లలు వెనక నిలబడతారు. ఆయుధపూజకు ఆ కంప్యూటర్లు తుడిచి బొట్లు పెట్టేది మాత్రం వాళ్ళే.

హెడ్‌మాస్టర్‌ను ఒప్పించి నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, బండి తీసకరా. బడిలో కుర్చీలు ఎత్తెయ్యాల.”

“ఏమ్మా, బతుకంతా కుర్చీలు ఏసేవాణ్ణి. ఎత్తుకపొమ్మని పిలిచింది నువ్వొక్కదానివే.”

ఎత్తుకొచ్చాను. ల్యాబ్‌లో ఇప్పుడు అందరూ నిలబడాల్సిందే. నేనింకా బండి ఎక్కకముందే లోపల ఒక పిల్ల గొంతు వినిపించింది.

“జరగరా. మీ నాయన కొనిచ్చిన మిసనా ఇది?”

కొన్ని నెలల తర్వాత అవే ప్రశ్నలు మళ్ళీ అడిగింది. టిక్కులు మారాయి.

“ఇది రీసెర్చా, కుర్చీలాటా?” అన్నాడట గైడ్.

“మీరు కూసోని అడగతా ఉండారు సార్. ఒకసారి నిలబడుకోని అడగండి.”

ఆయన సంతకం పెట్టలేదు. ఆమె మాట మార్చలేదు. గైడ్‌ను మార్చుకుంది. ఏళ్ళు పోయాయి. డాక్టరేట్ వచ్చింది.

కాబట్టి ఆ ‘మృదుస్వభావి’ని డిలీట్ చేయండి. ఆమె నొప్పించాల్సిన వాళ్ళను నొప్పించింది.

పోయిరా భారతీ. ఎవరితోనూ తగువు పడే అవసరం లేనిచోట నెమ్మదిగా ఉండు తల్లీ.

నిన్న వాళ్ళింటి ముందు కుర్చీలు నేనే వేశాను. ఆ బడిలో చదివిన ఆడపిల్లలు కొందరు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పెద్దమనుషులు వస్తున్నారు, లేవండమ్మా అన్నారెవరో.

వాళ్ళు లేవలేదు.