దా పైడమ్మ

"అప్పా, ఎవులైనా ఒచ్చి అడిగితే నానెవులో తెల్దని సెప్పీ."

"అలాగే సెప్తాను గాని, నానెవులో నీకు తెలుసునేటే?"

"నీ పేరు కాయితం మీదెక్కించింది నానే కదేటి!" అని నవ్వి నీలవేణి మా చెక్కమెట్లు దిగిపోయింది. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది. ఆ తర్వాత మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు. అప్పా అంటే మా వాళ్ల మాటలో అక్కా అని.

ఇప్పటికీ పొద్దున్నే బఠాణీల కుండ మూత తీస్తే ఆవిరి నా ముఖానికి కొడుతుంది. పసుపు, ఉప్పు, మొలకల పచ్చివాసన. ఆ వాసన తగలగానే వెనక ఎవరో కూర్చున్నట్టు అనిపించి తిరిగి చూస్తాను. మా ఇంట్లో ఉన్న ఆ కొద్దిరోజులూ కుండ దించీ దించకముందే గుప్పెడు తీసి నోట్లో వేసుకునేది. "నోరు కాలిందప్పా" అనేది. మర్నాడు మళ్లీ అంతే. ఊరి సంగతులన్నీ తెలిసిన మనిషికి వేడి కుండ సంగతి మాత్రం ఎప్పటికీ తెలియలేదు.

ఆమెను చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. నీలవేణి పత్రికకు వార్తలు రాసేది. పుట్టింది, పెరిగింది ఈ యాంగోన్‌లోనే, తామ్వే పేటలో. మా పెద్దవాళ్లు ఈ ఊరిని రంగం అనేవారు. వాళ్ల ముత్తాత, మా ముత్తాత ఒకే తీరం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవుల్లో మూటలు మోసినవాళ్లు. పత్రికలో ఆమె పేరు మా నీలార్. మా అంటే బర్మావాళ్ల మాటలో అక్క, అమ్మాయి అన్నట్టు. పని చేసే చోట చాలామందికి ఆమె అసలు పేరు నీలవేణి అని తెలియదు. నేను చెప్పేది నా చెల్లెలి కూతురు రమ రాస్తోంది. గుడిలో ఆదివారం బడికి పోయి అక్షరాలు నేర్చుకుంది. నాకు సంతకం వరకే వచ్చు. నా మాటల్ని అది పుస్తకంలో పెట్టే తీరుగా మారుస్తోంది. అయితే నీలవేణితో మేమనుకున్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను.

మొదటిసారి ఆమె వచ్చింది ఓట్ల ముందు. అప్పటికి ఇంకా ఓట్లనేవి ఉండేవి. మా పేట అహ్లోన్‌లో రేవు వెనక సందుల్లో నెత్తిమీద తట్ట పెట్టుకుని 'పే... బ్యో...' అని అరుస్తూ ఉడికించిన బఠాణీలు అమ్ముతున్నాను. పేబ్యో అంటే అవే. అరిచి అరిచి నా గొంతు అప్పటికే గీసుకుపోయింది, ఇప్పుడు మరీ గరుకు. ముఖానికి బర్మా ఆడవాళ్లలా తనకా చెక్క గంధం పూసుకుని, భుజాన సంచీ వేసుకుని ఒక పిల్ల అడ్డం వచ్చింది. బర్మా పిల్ల అనుకుని ఎంతకు కావాలని బర్మాలో అడిగాను.

"నాకు బఠాణీలొద్దప్పా. ఓటు కోసం ఒచ్చే పెద్దమనిషి నీ తట్ట ముందర నిలబడితే ఏటడుగుతావు? అది కావాల" అంది తెలుగులో.

"ఓలమ్మ! నువ్వు మనోళ్ల పిల్లవేటి?" అన్నాను. తట్ట దించేశాను. "అలాటియి మగోళ్లనడుగు తల్లీ. నాలాటిదాన్నడిగితే పేపరోళ్లు నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే పళ్లు కనబడతాయి. నువ్వు సెప్పు."

నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు అంతవరకు. ఏదో అడ్డం మాట చెప్పి పోదామనుకున్నాను. కాని ఆమె సందులో అలాగే చతికిలబడింది. అప్పుడు మా ఇంటాయన కార్డు సంగతి చెప్పాను. ఆయన పుట్టింది ఈ అహ్లోన్‌లో. ఆయన తండ్రి పుట్టిందీ ఇక్కడే. అయినా పౌరసత్వం కార్డు కోసం ఆఫీసుకు పోతే ప్రతిసారీ ఏ దేశం నుంచి వచ్చావని అడుగుతారు. పక్కింటి బర్మావాళ్ల కార్డు రంగు వేరు, మాది వేరు. ఓటడిగే మనిషి వస్తే, ఎక్కడ పుడితే ఈ ఊరివాళ్లం అవుతామో చెప్పమని అడుగుతానన్నాను. ఆమె నవ్వలేదు. నా పేరు అడిగింది. బర్మావాళ్లకు చెప్పే పేరు కాదు, మా అమ్మ పిలిచిన పేరు చెప్పమంది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి మాట రాసినా అచ్చుకు పంపేముందు వాళ్ల దగ్గరకే వచ్చి చదివి వినిపించేది. వాళ్లు 'ఊ' అనాలి. అనకపోతే కొట్టేసి మళ్లీ రాసేది. అలాగే రెండురోజుల తర్వాత మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా ఇంటాయన సింహాచలం రేవు నుంచి వచ్చి, ఒళ్లు పులిసిపోయి మంచం మీద వాలి ఉన్నాడు. ఆమె కాగితం తీసి బర్మాలో మొదలుపెట్టింది, అహ్లోన్‌లో పేబ్యో అమ్మే దా పైడమ్మ ఇలా అన్నారని.

ఆయన కళ్లు తెరవకుండానే, "ఎక్కడికే దాన్ని రమ్మంటన్నావు? ఇప్పుడే కదేటి ఇంటికొచ్చింది" అన్నాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాగితం కిందపడేసి నవ్వింది. బర్మా భాషలో వయసులో పెద్దయిన ఆడవాళ్ల పేరు ముందు దా అంటారు. మన గారు లాంటిది. ఆ మాట మాకు తెలియక కాదు. సంతలో రోజూ వింటాం, ఎదుటివాళ్లను అంటాం. కాని ఎన్నడూ మా పేర్ల ముందు రాలేదు. నన్ను బేరానికి పిలిచేవాళ్లంతా కలామ అనేవారు. మాలాంటి నల్లటివాళ్లను ఇక్కడ కలా అంటారు, ఆడదైతే కలామ. కొందరు అలవాటుగా అంటారు, కొందరు ఉమ్మినట్టు అంటారు. అందుకని పైడమ్మ ముందు దా అని వినబడేసరికి ఆయనకే కాదు, నాకూ మన తెలుగు దా, రా అనే పిలుపే అనిపించింది.

"మరి నన్నేటంటారు మీ పేపర్లో?" అన్నాడాయన లేచి కూర్చుని.

"నిన్ను ఊ సింహాచలం అంటారు బావా." బర్మాలో పెద్ద మగవాళ్ల పేరు ముందు ఊ అంటారు.

"ఊ" అన్నాడు వెంటనే, పిలిస్తే పలికినట్టు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అదొక సరసం. అన్నానికి ఆయన "దా పైడమ్మా" అని కేకేసేవాడు. నేను "ఊ సింహాచలం" అంటే చాలు, ఎంత విసుగులో ఉన్నా "ఊ" అనేవాడు.

ఆ వార్త వేయించడానికి ఆమె ఎంత పోరిందో తర్వాత తెలిసింది. లత అనే పేటలో మేడమీద ఉండేది వాళ్ల ఆఫీసు. అక్కడి పెద్దాయన దా పైడమ్మ ఎవరో చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది, బఠాణీలమ్మే కలామ అంటే సరిపోతుంది కదా అన్నాడట. "మీ అమ్మగారి మాట రాయాల్సొస్తే ఒక బర్మా ఆడది అని రాస్తారా సారూ?" అని అడిగిందట ఈమె. ఆయన చాలాసేపు టీ తాగి, చివరికి దా ఉంచాడట. ఆమె ఇదంతా తమాషాగా చెప్పేది. మా పేట సంగతులు, కార్డుల సంగతులు, తమిళుల సంగతులు, కొండల్లో ఉండే జనాల సంగతులు, పత్రికల్లో ఎవరూ పట్టించుకోనివన్నీ అలా ఒక్కొక్క పేరు కోసం పోట్లాడి రాసింది.

తర్వాత సైనికులు రాజ్యం తీసుకున్నారు. పత్రికలు మూసేశారు. నీలవేణి ఆఫీసుకు తాళం పడింది. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. మా ఇంటాయన అరిచే మనిషి కాదు. వీధి మొగలో ఎండలో నిలబడ్డ పిల్లలకు బిందెతో నీళ్లు మోసుకెళ్లేవాడు. "బస్తాలు మోసిన బుజం, బిందె ఒక లెక్కేటి" అనేవాడు. ఒక పొద్దున అలాగే వెళ్లాడు. తుపాకుల చప్పుడు మాకు ఇంట్లోకి వినబడింది. బిందె ఎవరో తెచ్చి ఇచ్చారు. తర్వాత ఆయన్ని తెచ్చారు.

మర్నాటికి జనం ఫోన్లలో చనిపోయినవాళ్ల పేర్లు తిరిగాయి. నీళ్లు తాగిన పిల్లల పేర్లు ఉన్నాయి. ఆయన దగ్గర మాత్రం 'ఒక కలా ముసలాయన' అని ఉంది. చెడ్డబుద్ధితో రాశారని అనను. వాళ్లకు తెలియదు అంతే. రోజూ వాళ్లకు నీళ్లిచ్చినా ఎవరూ పేరు అడగలేదు.

నీలవేణి వచ్చింది. ఏడవడానికి వచ్చిందనుకున్నాను, ఏడ్చింది కూడా. తర్వాత ముఖం తుడుచుకుని, "అప్పా, నాను రాస్తాను. బయటదేశంలో ఉన్న మా పేపరోళ్లు వేస్తారు. కాని పేరు రాస్తే నీ ఇంటికి సిపాయిలు రావొచ్చు. నువ్వనందే రాయను" అంది.

మా గుడి పెద్ద సూర్నారాయణ తాత అక్కడే ఉన్నాడు. మంచివాడు, భయస్థుడు. "ఒద్దే పిల్లా. ఈళ్ల దేశంలో తలొంచుకుని బతుకుతున్నోళ్లం. పేరు రాస్తే పోయినోడు తిరిగొస్తాడేటి?" అన్నాడు.

"తాతా, నువ్వెక్కడ పుట్టినావు?"

"ఈ అహ్లోన్లోనే."

"మీ అయ్య?"

"ఆడూ ఇక్కడే."

"మరి ఎవుల దేశంలో తలొంచుకున్నాం తాతా మనం?"

తాత కండువాతో ముఖం తుడుచుకుని కిందకు పోయి కూర్చున్నాడు. నేను బిందె వైపు చూస్తూ ఉన్నాను. దానికి సొట్ట పడింది. భయం లేదని కాదు. కాని ఆయన ఇన్నేళ్లు ఈ ఊరి మూటలు మోసి, ఈ ఊరి పిల్లలకు నీళ్లు మోసి, ఎవరో ఒక కలాగా పోతే రేపు నేను ఎవరి పెళ్లాన్ని? రాయమన్నాను.

ఆమె ఆ గోడవారనే కూర్చుని రాసింది. రాశాక ఎప్పటిలాగే చదివింది. 'ఊ సింహాచలం, అహ్లోన్‌లో పుట్టారు, అహ్లోన్ రేవులో మూటలు మోశారు, పిల్లలకు నీళ్లు తీసుకెళుతూ చనిపోయారు. భార్య దా పైడమ్మ.' చదివి ఆగింది. నేను ఊ అనాలి. ఆ పేరు వినబడితే ఊ అనవలసినవాడు చాప మీద పడుకుని ఉన్నాడు. ఆమె తొందర పెట్టలేదు, కాగితం దించలేదు. చివరికి ఎలాగో అన్నాను, ఊ అని. ఆ ఊ నాదో ఆయనదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ వార్త ఫోన్లలో వచ్చాక ఎదురింటి కో టున్ మెట్లెక్కి వచ్చాడు. పిల్లప్పటినుంచి ఎదురుగానే ఉన్న బర్మా మనిషి. గుమ్మంలో చేతులు కట్టుకుని, "దా పైడమ్మ, బాబాయి పేరు నాకు ఈరోజే తెలిసింది. ఇన్నాళ్లూ అడగలేదు" అన్నాడు బర్మాలో. సొట్టపడ్డ బిందె తీసుకెళ్లి బాగుచేయించి తెచ్చాడు. ఆ వారం సందులో బఠాణీలు కొన్నవాళ్లు ఒక్కరూ నన్ను కలామ అనలేదు. తర్వాత మళ్లీ కొందరు అన్నారు, అది వేరే సంగతి.

సిపాయిలు నా కోసం కాదు, రాసిన మనిషి కోసం వచ్చారు, తామ్వేకి. ఆమె అప్పటికే మా ఇంట్లో ఉంది. ఊరికే కూర్చోలేక బఠాణీలు కడిగేది. ఒకరోజు తట్ట నేనే తీసుకెళతానని పట్టుబట్టి, ఇంట్లోనే కేక నేర్చుకుంది. "పేబ్యో" అని ఆమె అంటే బళ్లో హాజరు పలికినట్టుండేది. "ఆ అరుపుకి కాకి కూడా రాదే" అన్నాను. ఆయన పోయాక నేను నవ్వింది అప్పుడే. మరి రెండుమూడు రోజులకు సరిహద్దు దాటించే మనిషి దొరికాడు. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది.

అవతల అద్దెగదిలో ఉండి అక్కడినుంచి రాస్తూనే ఉందని వినేదాన్ని. ఈ వానల్లో జ్వరం వచ్చిందట. కార్డు లేని మనిషి, ఆసుపత్రికి ఆలస్యంగా పోయిందట. అందరూ మా నీలార్ పోయిందని రాశారు. ఆమె స్నేహితులు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. తెలిసినవాళ్లు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇకమీదట ఆమె పేరు చెబితే ఆమెను ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే చెబుతున్నాను. ఆమె నీలవేణి. వాళ్ల అమ్మ పిలిచిన పేరది. ఎవరైనా అడిగితే తెలియదని చెప్పమంది, చెబుతానన్నాను. ఆ మాట ఇవాళ్టితో తప్పుతున్నాను.

నా పేరు మార్చి రాస్తానంది రమ. భయపడుతోంది, దాని తప్పు కాదు. వద్దన్నాను. ఇప్పుడు సందులో ఎవరైనా కలామా అని పిలిస్తే తట్ట దించను. నిలబడి, దా పైడమ్మ అంటాను. కొందరు సర్దుకుని పిలుస్తారు, కొందరు బేరం మానేసి పోతారు. పోనీ. కొన్నవాళ్ల పేరు మాత్రం నేనే అడుగుతాను. బఠాణీలు పొట్లం కడుతూ అడుగుతాను. నీళ్లు తెచ్చే ముసలివాళ్ల పేర్లు మరీ అడుగుతాను.

రాశావా రమా? అయితే ఆమె పద్ధతి ఉంది కదా, అచ్చుకు పంపకముందు చదవాలి. కుండ పొయ్యి మీద ఉంది, ఫరవాలేదు, ఉడకనీ. దా, ఇలా దగ్గరకొచ్చి కూర్చో. మొదటి నుంచి చదువు. ఆయన పేరు దగ్గర మాత్రం కాస్త ఆగు తల్లీ.

నేను ఊ అంటాను.