లాండ్రీ ఆవిడ తొమ్మిది కార్డులు

చనిపోయిన నాలుగు నెలలకి ఉద్యోగం పర్మనెంటై, ముప్పై ఆరు గుర్తింపు కార్డులు సంపాదించుకున్న మనిషి ఈ భూప్రపంచం మొత్తానికి ఒక్కరే. ఆవిడ ఒక పెద్దాస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. సరే, ముప్పై ఆరు అన్నది కాస్త నోరు జారిన లెక్క. తొమ్మిది. ఉద్యోగం పర్మనెంటయిందన్నది కూడా కార్డు మీది మాటే గాని, ఆఫీసు కాగితాల్లోది కాదు. కార్డులు మాత్రం తొమ్మిదీ నిజం.

చేయించినవాడు ఆవిడ భర్త. అదే ఆస్పత్రిలో, మేడమీద మెట్ల పక్క చిన్న గదిలో, ఇరవై రెండేళ్లుగా ఉద్యోగుల కార్డులు తయారుచేసే గుమాస్తా. ఫొటోకి ఎవరొచ్చి స్టూలు మీద కూర్చున్నా "గడ్డం కొంచెం పైకి" అంటాడు. అందుకని అందరూ ఆయన్ని 'గడ్డంపైకి గారు' అనేవారు. పెద్ద డాక్టరుదైనా సరే, గడ్డం తను చెప్పినంత లేచేదాకా కెమెరా నొక్కడు. తన గడియారం పది నిమిషాలు ముందుంటే, ఊళ్లో గడియారాలన్నీ వెనకబడ్డాయని నమ్మే రకం.

రూలు ప్రకారం కార్డు పర్మనెంటు వాళ్లకే. కాంట్రాక్టు వాళ్లకి రోజుకో కాగితం చీటీ. లాండ్రీ అంతా కాంట్రాక్టే. అంచేత పందొమ్మిదేళ్ల పాటు తన భార్య చీటీ తనే రాసి, తనే స్టాంపు గుద్ది, తనే ఆవిడ చేతికిచ్చాడు.

"ఊరందరి గడ్డాలూ ఎత్తిస్తారు కదా, నాకూ ఒక కార్డు కొట్టిస్తే మీ సొమ్మేం పోయింది?" అని అడిగిందొకసారి.

"మెషిన్‌లో ప్రతి కార్డుకీ నంబరు పడుతుందే. రేపు జవాబు చెప్పుకోవాలి."

"మీరు కట్టుకోవలసింది నన్ను కాదు, ఆ మెషిన్ని. జవాబులు చెప్పుకుంటూ హాయిగా కాపురం చేసేవారు."

ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వాడు. మళ్లీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం లాండ్రీలో ఆవిడకి గుండెల్లో నొప్పి వచ్చింది. స్టాఫ్ అయితే ఎమర్జెన్సీలో కార్డు చూపించి నేరుగా లోపలికి పోవచ్చు. ఆవిడ చీటీ ఇస్త్రీ ఆవిరికి మెత్తబడి, అక్షరాలు అలుక్కుపోయి ఉంది. కౌంటర్లో మనిషి కొత్తవాడు. "వరసలో కూర్చోమ్మా" అన్నాడు. బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చుంది. ఆ నలభై నిమిషాలూ గుమాస్తా మేడమీద ఎవరికో ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. ముందే లోపలికి తీసుకెళ్లినా దక్కేది కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. నిజమే కావచ్చు. కాని బెంచీ మీద పోయేది కాదు.

ఆ తర్వాత రెండు నెలలకి కార్డుల మెషిన్ మూలపడింది. ఆస్పత్రికి కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఆయన్ని పిలిపించింది.

"దీని సంగతి మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదట. కంపెనీల వాళ్లని పిలవండి, డెమోలు చూడండి. మన ఆస్పత్రికి ఏది సరిపోతుందో మీరే రాసివ్వండి."

మొదటి కంపెనీ సేల్స్‌మన్ వచ్చాడు. "ఏడాదికి ఎంతమందికి కార్డులు కావాలి సార్? దాన్ని బట్టే మెషిన్" అన్నాడు. నాలుగువందల పన్నెండు మందికి అని చెప్పాడు గుమాస్తా.

"శాంపిల్‌కి ఒక ఫొటో ఇవ్వండి సార్."

తన ఫొటోయే ఇద్దామనుకున్నాడు. చేతికి వచ్చింది మాత్రం ఆవిడది. ఎప్పుడో గదిలో కొత్త బల్బు పెట్టినప్పుడు, ఇంటి తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి, వెలుతురు చూసుకోడానికి తీసింది. ఆవిడ ఒక్కతే ఉన్న ఫొటో అదొక్కటే. గడ్డం దించుకుని నవ్వుతోంది. హోదా అన్న చోట 'లాండ్రీ, పర్మనెంట్' అని కొట్టాడు.

మెషిన్ గుర్రుమంది. కార్డు బయటికొచ్చింది.

"చూడండి సార్, ముఖం ఎంత తెల్లగా మెరిసిపోతోందో!"

"ఈవిడెవరు?"

"అదేంటి సార్, మీరిచ్చిన ఫొటోయే కదా."

"నేనిచ్చినావిడ నలుపు" అన్నాడు గుమాస్తా. "నలుపంటే మామూలు నలుపు కాదు. మీ మెషిన్ ఆవిడకి సున్నం కొట్టింది. తీసుకుపోండి."

కార్డు మాత్రం సొరుగులో పెట్టుకున్నాడు.

రెండో మెషిన్ ఆవిణ్ని జ్వరం వచ్చినట్టు ఎర్రగా చేసింది. మూడోది దవడ మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చని తుడిచేసింది. "మచ్చ పోయింది కదండీ, సంతోషించాలి గాని" అన్నాడు అతగాడు. "మచ్చ పోతే మనిషి పోయినట్టే" అని తలుపు చూపించాడు. నాలుగోది కార్డు అంచుదాకా రంగు వేయలేక చుట్టూ తెల్లగీత వదిలింది. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది కూడా వచ్చిన దారినే పోయాయి. ఒక్కొక్కటి వెళ్లినప్పుడల్లా ఆయనకి లోపల ఎక్కడో ఊరటగా ఉండేది. ఇంకో మెషిన్ వస్తుంది, ఇంకోసారి ఆవిడ బయటికొస్తుంది. సరైనది దొరికిందా, ఇక అంతే.

కింద స్టోర్స్ చూసే పెద్దావిడ ఆయనకి అక్కలాంటిది. కూపీలు లాగడంలో దిట్ట. సొరుగు ఒకసారి చూసింది. రెండు రోజులాగి అంది:

"తమ్ముడూ, ఓడ కొనేవాళ్లు కూడా ఇన్నాళ్లు చూడరు. మెషిన్ కొంటావా, లేక దానికి వయసొచ్చి అదే నీ దగ్గరికి నడిచొస్తుందా?"

"తొందరపడి కొంటే తర్వాత ఏడవాలక్కా."

"ఇప్పుడేదో నవ్వుతున్నట్టు."

మర్నాడు మందులకని ఎమర్జెన్సీ మీదుగా వెళ్తూ ఆగాడు. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు. ఒకావిడ ఊడ్చే మనిషి, గాజుపెంకు గుచ్చుకుని అరచేతికి గుడ్డ కట్టుకుంది. పక్కనున్నది కొత్త నర్సు, జ్వరంతో వణుకుతోంది. ఇద్దరి చేతుల్లోనూ చీటీలు. వాటి మీద ఉన్నది తన చేతిరాతే.

"ఎంతసేపయిందమ్మా?" అని అడిగాడు.

"అరగంట పైనే బాబాయ్. మెషిన్ రాలేదని నాకింకా కార్డు ఇవ్వలేదుగా" అంది నర్సు.

ఒకరికి రూలు వల్ల. ఒకరికి తన వల్ల. ఆయన ఇద్దర్నీ వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఎవరో అడ్డొస్తే, ఇరవై రెండేళ్లలో మొదటిసారి గొంతు లేచింది.

ఆ మధ్యాహ్నమే తొమ్మిదో మెషిన్ వచ్చింది. కార్డు మీద నేరుగా అచ్చు వేయదు. ముందు పల్చటి ఫిల్మ్ మీద వేసి, ఆ ఫిల్మ్‌ని కార్డుకి అద్దుతుంది. బయటికొచ్చిన కార్డు వెచ్చగా ఉంది. నలుపు నలుపుగానే ఉంది. దవడ మీద మచ్చ ఉంది. నవ్వేటప్పుడు ఎడమ కన్ను కాస్త చిన్నదయ్యేది, అదీ ఉంది. ఆయన అలాగే చూస్తూ నిలబడిపోయాడు.

"బాలేదా సార్?" అన్నాడు సేల్స్‌మన్ భయంభయంగా.

"బాగుంది" అన్నాడు. "ఇదే."

సాయంత్రం రిపోర్టు రాసి, తొమ్మిది శాంపిళ్లూ జతచేసి, స్టోర్స్ ఆవిడతో కలిసి ఆఫీసరమ్మ గదికి వెళ్లాడు. ఆమె కాగితం చదివి తలెత్తింది.

"ఏడాదికి ఆరువందల ఎనభై మూడా? మన స్టాఫ్ నాలుగువందల పన్నెండే కదండీ. మిగతావాళ్లు ఆకాశంలోంచి ఊడిపడ్డారా?"

"రోజూ గేట్లోంచే వస్తున్నారు మేడమ్. లాండ్రీ, ఊడ్చేవాళ్లు, వంటగది. మనమే లెక్కలో వెయ్యలేదు. మెషిన్ ఎంచుకోవాలంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి. నేను అదే తప్పు చేశాను."

ఆమె సంతకం పెట్టింది. తర్వాత శాంపిళ్లు తిరగేసింది.

"ఈవిడ మన స్టాఫా?"

స్టోర్స్ ఆవిడ నోరు తెరవబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాదు మేడమ్."

"మరి మన ముద్రతో, పర్మనెంట్ అని వేసిన కార్డులు బయట తిరగకూడదు కదా. రూలు మీకు తెలిసిందే."

"తెలుసు మేడమ్."

మేడమీద గదిలో ఆయన కత్తెర తీశాడు. "ఒక్కటి ఉంచుకో తమ్ముడూ, ఎవరు చూడొచ్చారు" అంది స్టోర్స్ ఆవిడ. వినలేదు. ఆ రోజు ఆస్పత్రిలో ఉన్న కత్తెరలన్నీ మొండికేశాయని చెప్పుకుంటారు. అంత లేదు గాని, ఎనిమిది కార్డులు ఒంటిచేత్తో కత్తిరించినవాడికి తొమ్మిదోదానికి రెండు చేతులూ కావలసివచ్చాయి. స్టోర్స్ ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది.

నెల తిరిగేసరికి లాండ్రీలో అందరి మెడల్లోనూ కార్డులు వేలాడాయి.

ఈ కథ ఆయన దగ్గర ఎత్తి చూడండి, కళ్లజోడు తుడుచుకుంటూ కొట్టిపారేస్తాడు.

"ఎవరు చెప్పారండీ మీకు? అక్క చెప్పిందా? ఆవిడ చెప్పేవాటిలో సగం గాలి, సగం ధూళి. అన్ని మెషిన్లలోకీ అది బాగుంది, కొన్నాం. శాంపిల్‌కి ఏదో ఒక ఫొటో ఇచ్చి ఉంటాను, ఎవరిదో ఎవరికి గుర్తు? మా ఆవిడదే అయితే నేనెందుకు కత్తిరిస్తాను?"