నాలుగు రోజుల గ్యాలరీ

మా ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం ఆరేళ్ళుగా పిల్లర్ల దగ్గరే ఆగిపోయి ఉంది. ఫిల్మ్ నగర్ గుట్ట దిగువన, గ్రౌండుకు ఒక పక్క వరసగా సిమెంటు పిల్లర్లు, వాటి నెత్తిన తుప్పు పట్టిన చువ్వలు. గ్యాలరీ కట్టిస్తానన్న నిర్మాత మొదటి విడత ఇచ్చి, మిగతాది తన సినిమా విడుదలయ్యాక ఇస్తానన్నాడు. ఆ సినిమా ఇంకా విడుదల కాలేదు. కాంట్రాక్టరు తన సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

క్లబ్బు కార్యదర్శిని నేనే. మోతీనగర్‌లో బట్టల కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. ఆటో ఎక్కాక కూడా సగం దారిలో బేరం మళ్ళీ మొదలుపెడతాను. ఆ గుణం చూసే క్లబ్బు వాళ్ళు డబ్బు వ్యవహారాలు నాకు అప్పగించారు.

మా కోచ్ సార్‌ది ఒకటే ఆశ. ఆయన జట్ల ఆట ఎప్పుడూ ప్రహరీ మీద కూర్చున్న నలుగురే చూశారు. మెట్ల నిండా జనం కూర్చుని చూడాలి, ఒక్క మ్యాచ్ చాలు అనేవారు.

కిందటేడు ఒక సినిమా వాళ్ళు షూటింగుకు మా గ్రౌండు అడిగారు. పిల్లర్ల ముందు స్టేడియం సెట్టు వేసి, నాలుగు రోజులు షూటింగు చేస్తారట. వాళ్ళ మేనేజరుతో బేరానికి నేనే కూర్చున్నాను.

"రేటు పెంచమంటే పెంచుతానండీ. కానీ గురువారం సాయంత్రమే సెట్టు విప్పేస్తాం, సామాను ఇంకో చోటికి వెళ్ళాలి. పాత రేటుకైతే ఆదివారం దాకా ఉంచుతాం, మీరే వాడుకోండి" అన్నాడాయన.

చెక్క మెట్లు మాకెందుకు? రేటే పెంచమన్నాను. ఇంటికి వెళ్తూ ఈల కూడా వేశాను.

మాకు ఏళ్ళ తరబడి కాని పనిని సెట్టు పనివాళ్ళు వారంలో చేసేశారు. మెట్లు, పైకప్పు, నీలం కుర్చీలు. షూటింగు రోజుల్లో జూనియర్ ఆర్టిస్టులు వాటి నిండా కూర్చుని, చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. కోచ్ సార్ రోజూ పొద్దున్నే, యూనిట్ రాకముందే వచ్చి, పై మెట్టు దాకా ఎక్కి కాసేపు కూర్చునేవారు.

గురువారం మధ్యాహ్నం ఆయన నా పక్కకొచ్చి మెల్లగా అన్నారు: "సేటూ, ఆదివారం మన పోరగాళ్ళ మ్యాచ్ ఉంది గదా. గప్పటిదాక గీ సెట్టు ఉంచమని జర అడుగు. బస్తీల అందరికీ నేను చెప్పుకుంటా."

అన్నేళ్ళలో ఆయన నన్నేదైనా అడగడం అదే మొదటిసారి. మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. పెంచిన డబ్బు వెనక్కి ఇస్తానన్నాను. పైన ఇంకొంత కలుపుతానన్నాను. ఎదుటివాడు అడగకుండా నేను రేటు పెంచడం కూడా అదే మొదలు.

"ఆ రోజే చెప్పాను కదండీ" అన్నాడాయన జాలిగా. లారీలు అప్పటికే గేటు దాటి లోపలికి వస్తున్నాయి.

సినిమా వాళ్ళు ఒప్పుకోలేదని కోచ్ సార్‌తో చెప్పాను. ఆదివారాన్ని ముందే అమ్ముకున్నది నేనేనని చెప్పలేకపోయాను. "పోనీ తియ్, ఫికర్ చెయ్యకు" అన్నారు.

ఆ షూటింగు కిరాయంతా కాంట్రాక్టరు పాత బాకీకే సరిపోయింది. గ్యాలరీ అంగుళం కూడా లేవలేదు.

ఆదివారం మ్యాచ్ జరిగింది. మా పిల్లలు గోల్ వేయగానే కోచ్ సార్ చటుక్కున వెనక్కి, నాలుగు రోజులు మెట్లు ఉన్న వైపు తిరిగి చూశారు. పిల్లర్ల మధ్య గడ్డిలో నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. చప్పట్లు కొట్టాను. ఆయన మళ్ళీ ఆట వైపు తిరిగేదాకా ఆపలేదు.