మైర్ వ్యాన్‌లో చివరగా దిగే పిల్ల

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. తెనాలిలో మా మేనత్త ఏ ఇంటికి వెళ్ళినా అక్కడ ఎవరో తిరుగుతున్నారని చెప్పేది. నేను ఆవిడ ముందే నవ్వేసేదాన్ని. నేను చదివింది ఫిజిక్స్. ఇప్పటికీ ఎవరైనా ఇలాంటివి చెబితే, సరిగ్గా నిద్రపోయారా అని అడుగుతాను. అందుకని దీన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

మేం ఉండేది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. మావారు మురళి కార్లకి కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఇక్కడికి రాకముందు మూడేళ్ళకి పైగా వేల్స్‌లో, పడమటి సముద్ర తీరాన ఒక పల్లెలో ఉన్నాం. అక్కడికి అరగంట దూరంలో ఉన్న గ్యాస్ టెర్మినల్‌లో మురళికి ఉద్యోగం. టౌన్‌లో అద్దెకి ఇల్లు దొరక్క పల్లెకి వెళ్ళాం.

పల్లె అంటే ఒకటే వీధి. ఒక పబ్బు, ఒక ప్రార్థనా మందిరం, వారంలో కొన్ని రోజులే తెరిచే పోస్టాఫీసు. ఎటు చూసినా గొర్రెలు. రోడ్లు ఎంత ఇరుకంటే, ఎదురుగా కారు వస్తే ఇద్దరిలో ఒకరు రివర్స్ చేసుకుంటూ పోవాల్సిందే. సముద్రం మీంచి వాన నిలువుగా కాదు, అడ్డంగా కొట్టేది. మొదటి చలికాలమంతా నేను కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చాను.

మా గోడకి ఆనుకుని ఉన్న ఇల్లు మైర్‌ది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు. స్కూలు వ్యాన్ నడిపేది. మేం వెళ్ళిన వారంలోనే ఒకరోజు నేను పోపు వేస్తుంటే ఎండు మిరపకాయల ఘాటు వాళ్ళింట్లోకి వెళ్ళింది. ఇల్లు కాలుతోందనుకుని నీళ్ళ బకెట్టుతో పరిగెత్తుకొచ్చింది. దగ్గుతూ, నవ్వుతూ మా వంటింట్లోనే కూర్చుండిపోయింది. ఆ పూట పప్పన్నం తిని వెళ్ళింది. ఆ తరవాత మా ఇంటికి రావడానికి ఆవిడ తలుపు కొట్టలేదు.

మా అమ్మాయి సహస్రకి అప్పుడు రెండేళ్ళు. ఇంట్లో చిన్ని అంటాం. మైర్‌కి ఆ మాట సరిగ్గా పలకడం రాదు, ‘షిన్నీ’ అనేది. ఆ ఊళ్ళ బళ్ళల్లో చిన్న పిల్లలకి అంతా వెల్ష్ భాషలోనే చెబుతారు. నాలుగో ఏడు వచ్చేసరికి చిన్నికి వెల్ష్ బాగా వచ్చు, ఇంగ్లిష్ పర్వాలేదు, తెలుగు మూడోది. మైర్‌ని ‘మమ్‌గీ’ అని పిలిచేది. అటువైపు వాళ్ళు అమ్మమ్మని అలా పిలుస్తారు.

రోజూ సాయంత్రం మైర్ వ్యాన్‌లో ఒక్కో పొలం దగ్గర ఒక్కో పిల్లని దింపుకుంటూ వచ్చేది. ఆఖరున మిగిలేది మా చిన్ని. వ్యాన్ మా గుమ్మం ముందు ఆగాక కూడా ఇద్దరూ దిగేవాళ్ళు కాదు. లోపల కూర్చుని ఏవో కబుర్లు. నేను తలుపు తీసి పిలిచేదాకా అంతే. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

నన్నూ వెల్ష్ నేర్చుకోమని మైర్ చాలాసార్లు అడిగింది. “ఎప్పుడూ ఇక్కడే ఉండిపోతామా ఏంటి” అనేదాన్ని నేను.

అన్నట్టే మురళికి మిషిగన్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు మైర్ బయటికి రాలేదు. కిటికీ లోంచి చెయ్యి ఊపింది. ఏటా వేసవికి వస్తామని చెప్పాం. మాకు నిజంగా రావాలనే ఉంది. కానీ హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి దేశం దాటడం అంటే మళ్ళీ వీసా స్టాంపింగ్, మళ్ళీ భయం. ఒక ఏడాది మురళి ప్రాజెక్ట్ మారింది. ఒక ఏడాది వీసా పిటిషన్ పెండింగ్‌లో పడింది. ఆ తరవాత గ్రీన్ కార్డ్ ఫైల్ చేశాం, అది అవుతుండగా బయటికి వెళ్ళొద్దని లాయర్ అన్నాడు.

చిన్ని ఇక్కడి స్కూల్లో చేరిన ఏడాదిలోపే వెల్ష్ మొత్తం మర్చిపోయింది. వీడియో కాల్‌లో మైర్ ఏదో అడిగేది, ఇది నా వైపు చూసేది. “అమ్మా, వాట్ ఈజ్ షీ సేయింగ్?” అని నన్నే అడిగేది.

తరవాత మైర్‌కి మతిమరుపు జబ్బు వచ్చింది. ఆవిడ మేనకోడలు నియా పక్క టౌన్‌లో టీచర్. ఆవిడే మైర్‌ని వృద్ధుల ఆశ్రమంలో చేర్చింది. జబ్బు ముదిరే కొద్దీ మైర్‌కి ఇంగ్లిష్ పోయింది, పుట్టి పెరిగిన భాష ఒక్కటే మిగిలింది. అక్కడి నుంచి కాల్ చేస్తే ఆవిడకి మా మాట తెలీదు, మాకు ఆవిడ మాట తెలీదు. కాసేపు ఒకరినొకరు చూసుకుని నవ్వి పెట్టేసేవాళ్ళం. చివరికి ఆ కాల్స్ కూడా తగ్గిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం.

పోయిన చలికాలం, ఒక ఆదివారం. చిన్నికి అప్పటికి పదకొండేళ్ళు. ఆ వారమే దానికి పళ్ళు వరసకి రావడానికి తీగ, అదే బ్రేసెస్, వేయించాం. పొద్దున నేనూ అదీ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కూరగాయలు తెచ్చుకున్నాం. కారు గరాజ్‌లో పెట్టి, సంచులు పట్టుకుని నేను లోపలికి వచ్చేశాను. తాళం నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. చిన్ని వెనక సీట్లోనే కూర్చుంది. అప్పుడప్పుడూ అలా కూర్చుంటుంది, అందుకని పట్టించుకోలేదు.

కుక్కర్ దింపి, కూర చేసి, కంచాలు పెట్టాను. అది ఇంకా రాలేదు. గరాజ్ తలుపు తీశాను.

చిన్ని మాట్లాడుతోంది. ముందు ఫోన్‌లో ఏమో అనుకున్నాను. దానికి ఫోన్ లేదు. టాబ్లెట్ లోపల చార్జింగ్‌లో ఉంది. రెండడుగులు వేశాక అర్థమైంది, అది మాట్లాడేది వెల్ష్ అని. నాకు ఆ భాష రాకపోయినా ఆ చప్పుడు మర్చిపోయే చప్పుడు కాదు.

నేను భయపడలేదు. నిజం చెప్పాలంటే ఆనందం వేసింది. పిల్లకి భాష గుర్తొచ్చింది కదా, మైర్‌కి చూపిద్దాం అనుకుని, చప్పుడు చెయ్యకుండా ఫోన్ తీసి రికార్డ్ చేశాను.

అది సీట్‌బెల్ట్ పెట్టుకునే ఉంది. కొంచెం ముందుకి వంగి మాట్లాడుతోంది. ఆగుతోంది. వింటున్నట్టు తల ఊపుతోంది. మళ్ళీ జవాబు చెబుతోంది. ఒకసారి పకపకా నవ్వింది. ఒకసారి పెదవి పైకెత్తి పళ్ళు చూపించింది. కారు ఇంజిన్ ఆఫ్, రేడియో ఆఫ్, లోపల ఇంకెవరూ లేరు.

ఈలోగా అన్నం చల్లారిపోతోందని గుర్తొచ్చింది. “చిన్నీ, ఇంక దా, అన్నం తిందువుగాని” అని పిలిచాను.

అది టక్కున మాట ఆపేసింది. బెల్ట్ తీసి, కారు దిగి, “కమింగ్ అమ్మా” అంటూ నా పక్క నుంచే లోపలికి వెళ్ళిపోయింది.

అన్నం తింటుంటే అడిగాను. “ఎవరితోనే మాట్లాడుతున్నావ్ కార్‌లో?”

“ఎవరు లేరు అమ్మా. నేను జస్ట్ కూర్చున్నా.”

“వెల్ష్‌లో మాట్లాడావు కదా.”

“నాకు వెల్ష్ రాదు కదా!” అని నా వైపు విచిత్రంగా చూసింది. వీడియో చూపిస్తే ముఖం పాలిపోయింది. అది తనే అని తెలుస్తోంది, ఏం అంటోందో తెలియడం లేదు. ఇంక దాన్ని ఏమీ అడగలేదు.

మురళి మాత్రం వీడియో రెండు మూడుసార్లు చూశారు. ఆ తరవాత నన్ను పిలిచి, “ఇది ఎటు చూసి మాట్లాడుతోందో చూడు” అన్నారు.

చిన్ని చూస్తున్నది ముందు కుడివైపు సీటు కేసి. అమెరికాలో అది డ్రైవర్ సీటు కాదు. వేల్స్‌లో డ్రైవర్ కూర్చునేది అటువైపు.

అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. అయినా ఏదో పాత జ్ఞాపకంలే అని నాకు నేనే చెప్పుకున్నాను. వీడియోని నియాకి వాట్సాప్‌లో పంపాను. చిన్నికి భాష గుర్తొచ్చింది, మైర్‌కి చూపించండి అని రాశాను.

మర్నాడు నియా మెసేజ్ పెట్టలేదు, కాల్ చేసింది.

“ఇది ఎప్పుడు తీశావు?” అని అడిగింది. నిన్న మధ్యాహ్నం భోజనాల ముందు అని చెప్పాను. మాకు మధ్యాహ్నమైతే వాళ్ళకి సాయంత్రం.

“నిన్న సాయంత్రం నేను ఆవిడ దగ్గరే ఉన్నాను” అంది నియా. “వారం రోజులుగా ఒకటే అలజడి, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నిన్న సాయంత్రం హఠాత్తుగా నెమ్మదించింది. రెండు చేతులూ దుప్పటి మీద స్టీరింగ్ పట్టుకున్నట్టు పెట్టుకుంది. వ్యాన్ నడుపుతున్నాననుకుంటోంది పాపం అనుకున్నాను. వెనక్కి వెనక్కి చూస్తూ ఎవరో పిల్లతో మాట్లాడింది. షిన్నీ అని పిలిచింది.”

వీడియోలో మా అమ్మాయి అన్న మాటల్ని నియా ఒక్కొక్కటే ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పింది. వాటికి ముందు మైర్ ఏమందో తనకి గుర్తున్నంత వరకు చెప్పింది. తలుపు సరిగ్గా వేసిందా అని మైర్ అడిగింది. వేసింది అంది చిన్ని. అందరూ దిగిపోయారా అని అడిగింది. నేనే మిగిలాను అంది చిన్ని. దారిలో గొర్రెలున్నాయి, కాసేపు ఆగుదాం అంది మైర్. మా అమ్మాయి నవ్వింది అక్కడే.

ఆ రాత్రి ఇదంతా మురళికి చెప్పాను.

మురళి అన్నిటికీ ఏదో ఒక కారణం వెతికే మనిషి. ఆయన ఒక కారణం చెప్పారు. రోజూ అదే దారి, అవే మాటలు. ఇద్దరి బుర్రల్లోనూ అవే మిగిలి ఉంటాయి. పిల్లకి కార్‌లో కునుకు పట్టి పాత మాటలు పైకి వచ్చాయి. ఒకే పూట జరగడం కాకతాళీయం. నేనూ దాన్నే పట్టుకుందామని చూశాను.

కానీ నియా ఆ కాల్‌లోనే ఇంకొకటి చెప్పింది. మధ్యలో మైర్, “నీ నోట్లో ఏంటే అది? నొప్పిగా ఉందా?” అని అడిగిందట. ఈవిడ ఎవరి నోటి గురించి అడుగుతోందా అని నియాకి అర్థం కాలేదు, అందుకే బాగా గుర్తుండిపోయింది. వీడియోలో చిన్ని పళ్ళు చూపించాక అన్న మాట ఇది: “ఇనప తీగ. మొన్న వేశారు. అంత నొప్పి లేదు.”

బ్రేసెస్ సంగతి మేం నియాకి చెప్పలేదు. మైర్‌కి చెప్పే దారే లేదు. వ్యాన్‌లో తిరిగిన రోజుల్లో చిన్నికి ఇంకా పాలపళ్ళే. ఇది విన్నాక మురళి ఆ వీడియో మళ్ళీ చూడలేదు.

ఆఖరున మైర్ ఏమందని ఆ కాల్‌లోనే నియాని అడిగాను నేను. అడక్కుండా ఉండాల్సిందేమో.

నియా చెప్పింది. “‘ఇంటి దాకా వచ్చేశాం, ఇంకాసేపు కూర్చో, నీకొకటి చెప్పాలి’ అంది. ఆ తరవాత ఒక్కసారి ఆగి, గుమ్మం వైపు చూసింది. ‘సరేలే, మీ అమ్మ పిలుస్తోంది, దిగు, మెట్టు చూసుకో’ అంది. చేతులు కిందికి దించేసింది.”

ఆ రోజు తరవాత మైర్ మళ్ళీ మాట్లాడలేదు. కొన్ని వారాలకి నిద్రలోనే పోయింది. గ్రీన్ కార్డ్ వచ్చేలోగా దేశం దాటడానికి కావాల్సిన ట్రావెల్ పేపర్లు మాకు ఇంకా రాలేదు. అంత్యక్రియలకి వెళ్ళలేకపోయాం. నియా ఫోన్‌లో వినిపించింది. ఊరంతా నిలబడి పాడుతున్నారు, మేం ముగ్గురం సోఫాలో కూర్చుని విన్నాం. చిన్ని ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నావంటే తెలియదు అంది.

ఇప్పుడు చిన్నికి ఒక్క వెల్ష్ మాట కూడా రాదు. కారు ఆగితే ముందుగా దిగేది అదే. నేను ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని నేర్చుకుంటున్నాను. నేర్చుకుని ఎవరితో మాట్లాడతావని మురళి అడిగారు. నేను ఆ రోజు పాఠం తెరిచాను.

ఇది ఏమిటో నాకు తెలియదు. దయ్యం అనడానికి ఆ పూటకి మైర్ బతికే ఉంది. కల అనడానికి నా ఫోన్‌లో వీడియో ఉంది. ఇప్పటికీ నేను దయ్యాలని నమ్మను, కానీ ఆ ఆదివారాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

నన్ను రాత్రులు నిద్రపోనివ్వనిది మాత్రం అది కాదు. ఆవిడ ఏదో చెప్పబోయింది. వినే పిల్ల అక్కడే ఉంది. నేనే పిలిచాను. ఆ అన్నం ఇంకాస్త చల్లారితే ఏం పోయేది?