వగరెక్కిన చిగురు

ఆమెను అందరూ పిట్టలక్క అనేవారు. చెట్ల మీద పట్టుపురుగులు మేస్తున్నన్నాళ్లూ రేకుడబ్బా వాయించుకుంటూ పిట్టల్ని తోలడమే పని. అరిచి అరిచి గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. మా ఆవిడ గుసగుసలాడితే పక్క వీధి తలుపులు తెరుచుకుంటాయని మొగుడు వేళాకోళం చేసేవాడు.

ఆ ఏడు మొదటి పంట చేతికొస్తుందనగా వడగళ్లు పడ్డాయి. చెట్లను మోడు చేసేదాకా మేసి, బొటనవేలంత లావెక్కిన పురుగులు, ఇక పట్టుగూళ్లు అల్లడమే తరువాయి అనుకుంటుండగా నేలరాలిపోయాయి. పిట్టలక్క వాటిని బుట్టలతో ఎత్తిపోసింది. ఏడవడానికి కూడా తీరికలేదు. మళ్లీ పురుగు గుడ్లు తెస్తానని మర్నాడే బయల్దేరింది.

పట్టు ఆఫీసు ఇన్‌స్పెక్టరు వద్దన్నాడు. పురుగు కొరికిన చెట్టు చేతులు కట్టుకుని కూర్చోదనీ, మళ్లీ వేసే ఆకులో టానిన్ అనే వగరును దట్టంగా నింపుకుంటుందనీ, ఆ వగరు కడుపులో పడితే పురుగుకు తిన్నది ఒంటపట్టదనీ విడమరిచి చెప్పాడు. ఈ కారు పంట మానుకుని చెట్లను వదిలెయ్యమన్నాడు. పిట్టలక్క తమ్ముడికి ఆ బాధ లేదు. పక్కనే ఉన్న తన వాటాలో సగం చెట్లను రెండో పంటకని పురుగు ఎక్కించకుండా ముందే కొమ్మలు కొట్టించి ఉంచాడు. పిట్టలక్క మాత్రం వినలేదు. ఆగమని చెప్పినవాడికేం, ఆగాల్సింది మన పొయ్యి కదా అంది మొగుడితో.

చెట్లు మళ్లీ చిగిర్చాయి. చూస్తే కళ్లు చల్లబడేంత పచ్చగా ఉంది ఆకు. గుడ్లు పగిలి, చీమల్లాంటి పిల్లపురుగులు కొమ్మలెక్కాయి. మేత మాని పడుకునే మొదటి జ్వరం దాటి పొర విడిచాయి. ఆ తర్వాతే తేడా వచ్చింది. ఆకు అంచును కాస్త గీరి వదిలేస్తున్నాయి. మేత వదిలి కొమ్మల వెంట పైకీ కిందికీ తిరుగుతున్నాయి. పెరగాల్సినవి సన్నగిల్లుతున్నాయి.

పిట్టలక్క ఒక ఆకు తుంచి నమిలింది. నాలుక మొద్దుబారింది, దవడలు పట్టేశాయి. ఇంకో చెట్టు ఆకు నమిలింది, ఇంకోటి నమిలింది. తోటంతా అదే వగరు. నీళ్లు చల్లి చూసింది. నిచ్చెన వేసుకుని కొసచిగురు మీదికి ఒక్కొక్క పురుగునూ చేత్తో ఎక్కించింది. అవి మళ్లీ దిగిపోయేవి. చెట్టు నిండా ఆకు పెట్టుకుని పురుగులు పస్తులున్నాయి.

“చెట్టుకు మనమీద పగేమిటే?” అన్నాడు మొగుడు.

“పగేం కాదు. దాని ప్రాణం అది కాపాడుకుంటోంది. మనకే దారి లేదు.”

ఉన్న దారి ఒక్కటే, తమ్ముడి చెట్లు. తోట పంచుకున్నప్పుడు గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, అక్కాతమ్ముళ్లు ముఖాలు చూసుకోవడం మానేశారు. అయినా వెళ్లింది. మరదలు తలుపు తీసి, రండి వదినా అని పీట వేసింది. పిట్టలక్క కూర్చోలేదు. నిలబడే అడిగింది.

“నా చెట్లు నా పురుగులకే బొటాబొటిగా సరిపోతాయక్కా,” అన్నాడు తమ్ముడు. మరదలు అతనివైపే చూస్తూ నిలబడింది. అతను తల దించుకుని, చివరి వరస తీసుకోమన్నాడు.

తెల్లారగానే మొగుడూ పెళ్లాలు పురుగులున్న రెమ్మల్ని కోసి బుట్టల్లో సర్దుకుని బయల్దేరారు. తమ్ముడు తన తోట లోపల నిచ్చెన సిద్ధం చేస్తున్నాడు. గేటు దగ్గర పిట్టలక్క బుట్టలోకి చూసింది. ఒక పురుగు వెనక కాళ్లతో రెమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. వేలితో తాకితే తోలు చిట్లి నల్లటి నీరు కారింది. దాని పక్కన ఇంకోటీ అలాగే ఉంది.

తిండి చాలని పురుగుకు పట్టే రోగం అది. ఒక చెట్టుకు వచ్చిందంటే తోటంతా తుడిచిపెడుతుంది. తమ్ముడు చూడలేదు. వెనక ఉన్న మొగుడూ చూడలేదు. బాగున్నవి ఏరి ఎక్కిస్తే సరిపోతుందేమో అనిపించింది. అన్నిటికీ తగిలి ఉండదేమో. తగిలినా, ఇక్కణ్నుంచే వచ్చిందని ఎవరు చెప్పగలరు? బుట్ట దించకుండా గేటు దగ్గరే ఆగింది.

“నడువు, ఎండెక్కుతోంది,” అన్నాడు మొగుడు.

“తమ్ముడూ, గేటు మూసెయ్.”

“ఏమైందక్కా?”

“రోగం తగిలింది. నన్ను లోపలికి రానివ్వకు. నా చేతులు కూడా నీ చెట్లకు తగలకూడదు.”

మొగుడు గుంట తవ్వాడు. రెమ్మలతో సహా అన్నిటినీ అందులో పోసి సున్నం చల్లారు. ఇంకా బతికున్నవి తలలెత్తి అటూ ఇటూ మేత వెతుక్కుంటున్నాయి. పిట్టలక్క వాటి మీద తానే మట్టి వేసింది, మొగుణ్ని వెయ్యనివ్వలేదు.

ఆ చలికాలం ఆమె పట్నంలో పట్టు తీసే షెడ్డులో చేరింది. ఉడుకునీళ్ల తొట్టి ముందు కూర్చుని, ఎవరో పండించిన గూళ్ల నుంచి దారం లాగేది. వేళ్లు పొక్కిపోయేవి. తమ్ముడి పంట బాగా వచ్చిందనీ, అందులో వాటా తీసుకోమన్నాడనీ మరదలు కబురు చేసింది. సంతోషమని చెప్పమంది పిట్టలక్క, వాటా సంగతి ఎత్తలేదు. నిజంగా సంతోషమే. కానీ ఆ పూట అన్నం ముట్టకుండానే మళ్లీ తొట్టి ముందు కూర్చుంది.