మా ఇంట్ల ఒక ఏడాది తెలుగు బంద్

మొన్న మా బిడ్డ పదకొండో తరగతి ఫారం నింపుకుంట, ఒక గడి కాడ ఆగి నా దిక్కు చూసింది. మాతృభాష ఏందని అడుగుతున్నరట. కొంచెంసేపు పెన్ను కొరికి, 'తెలుగు' అని రాసింది. రాసి, "బరోబర్ ఆహే నా, ఆయీ?" అని మరాఠీల అడిగింది, సరిగ్గనే ఉన్నది గదా అమ్మా అని. బరోబరే బిడ్డా అన్న. అని వంటింట్లకు పోయి, పొయ్యి మీద ఏం లేకున్నా గంటె పట్టుకొని నిలబడ్డ. మహారాష్ట్రల ఉన్న మా నాందేడుల ఇదేం వింత కాదు. దుకాణంల హిందీ, శాళల, అంటే బడిల, మరాఠీ, అన్నం కాడ తెలుగు, ఒక్క ముచ్చట మూడు భాషలల్ల తిరిగస్తది. కాని మా ఇంట్ల ఒక ఏడాది తెలుగు బంద్ అయింది. చేసింది ఎవరో కాదు, నేనే.

బిడ్డకు నాలుగేండ్లు నిండి ఐదు నడుస్తున్నప్పటి మాట. ఒక్క తాన నిమిషం నిలువకపోయేది. రెండు బుక్కలు తిని గచ్చి మీదికి ఉరికేది, మూడో బుక్క పట్టుకొని నేను గచ్చి ఎక్కేసరికి ఆమె గల్లీల ఉండేది. మా ఆయనది నల్లాలు, పైపులు అమ్మే దుకాణం. ఒకనాడు గంటసేపు ఆడ ఇడిచిపెడితే, సైజుకొక డబ్బల ఉన్న స్క్రూలన్ని ఒక్క బకెట్ల పోసి "పప్పు చేసిన" అన్నది. ఆయన మూడు దినాలు కండ్లద్దాలు ముక్కు మీదికి జారంగ వాటిని ఏరుకుంట కూసున్నడు. అది నవ్వచ్చే ముచ్చటే. నా చెయ్యి ఇడిపించుకొని ఆటోలకు అడ్డం ఉరికిన నాడు మాత్రం నవ్వు రాలేదు. మా అత్త దిష్టి తీసింది, దర్గ కాడికెల్లి తాయెత్తు తెచ్చి కట్టింది. బిడ్డ ఆ తాయెత్తు విప్పి లోపల ఏమున్నదో చూసింది. ఒక డాక్టరు పెద్దగైతే అదే పోతదన్నడు. ఇంకొకాయన రాసిన సీరప్ తాపితే పొద్దంత గోడకానుకొని తూగింది. రెండు దినాలకే ఆ సీసా మోరిల పారబోసిన. తూగే బిడ్డ నాకెందుకు? చుట్టాలు పెండ్లికి పిలిచేటప్పుడే "పిల్లను మీ అత్త కాడ ఉంచి రా" అంటుండ్రి. అట్ల పిలిచిన పెండ్లికి ఎవరు పోతరు? నేను పోవుడే మానుకున్న.

అప్పుడు బాల్‌వాడి పంతులమ్మ పిలిచింది. మేం ఆమెను బాయి అంటుంటిమి. మంచి మనిషి, ఇప్పటికి ఆమెను ఒక్క మాట అనను. పిల్ల ఏ పనీ ఆఖరుదాక చెయ్యది, చెప్పింది చెవికెక్కది, ఇంట్ల తెలుగు, గల్లీల హిందీ, ఈడ మరాఠీ, మూడింటి నడుమ గడబిడ అయితున్నది, ఇంట్ల గూడ మరాఠీనే మాట్లాడుండ్రి అన్నది. మా ఇంట్ల అందరికి ఆ మాట బాగ నచ్చింది. ఇన్ని దినాలు దొరకని కారణం దొరికె గదా! మా అత్త, మా బావ, మా ఆయన ఈ ఊర్లనే పుట్టి పెరిగినోళ్లు, మరాఠీ వాళ్లకు మంచినీళ్లు తాగినట్టే. నేను బోధన్ దిక్కు పల్లె నుంచి పెండ్లై అచ్చినదాన్ని. నా మరాఠీ అంత కూరగాయల బజార్ల నేర్చుకున్నది. వంకాయలు ముదిరినయా, కొత్తిమీర లేతగున్నదా అని అడగనీకి అక్కరకస్తది. బిడ్డను ముద్దు చేయనీకి ఆ మరాఠీ ఏం సరిపోతది? అయినా సరే అన్న. బిడ్డ బాగైతదంటే నాలుక కోసుకొమ్మన్నా కోసుకుందును.

గట్ల నా నోట్ల ఐదు మాటలు మిగిలినయి. యే, జా, ఖా, బస్, నకో. రా, పో, తిను, కూసో, వద్దు. పొద్దున లేస్తే ఇవే, పండుకునేదాక ఇవే. అంతకుముందు తల దువ్వేటప్పుడు ఒక మేక కథ చెప్తుంటి. నేనే కట్టిన కథ. ఆ మేక జీపెక్కి కుండల్‌వాడి అంగడికి పోతది, సీటు దొరకక ఒక పెద్దమనిషి ఒళ్లె కూసుంటది, ఆయన రుమాలు నములుతది. ఆ కథ సాగినంతసేపు బిడ్డ మెడ గూడ తిప్పకపోయేది. అది మరాఠీల ఎట్ల చెప్పాలె? మొదట్ల "అమ్మా, మేక?" అని అడిగేది. అమ్మా కాదు, ఆయీ అను అని నేనే దిద్దిన. కొన్ని దినాలకు ఆయీ అనుడు అలవాటైంది, మేకను అడుగుడు మానింది. ఆమె శాళకు పోయినంక మా అమ్మకు ఫోన్ చేసి కడుపునిండ తెలుగుల మాట్లాడుతుంటి. బిడ్డ అచ్చే యాళ్లకు దొంగతనం చేసినట్టు ఫోన్ పెట్టేస్తుంటి. ఇంటినిండ మనుషులే. నేను ఒక్కదాన్నే అయిపోయిన. కన్నబిడ్డ పక్కన కూసోని ఏం మాట్లాడాల్నో తెల్వకపోవుడు ఎట్లుంటదో, ఎవరికి చెప్పినా ఏం సమజైతది?

ఏడాది తిరిగినా బిడ్డ కుదుట పడలేదు, ఇంకింత మొండికెక్కింది. ఎక్కదా మరి, పొద్దంత హుకుములే ఇంటే! దగ్గుకు చూపియ్య పోతే, పిల్లల డాక్టరు తన బల్ల మీదివన్ని ఆమె తారుమారు చేసుడు చూసి, చీటీ రాసి మానసిక డాక్టరమ్మ కాడికి పంపిండు. "పిచ్చోళ్ల దవాఖానకా?" అని మా అత్త రెండు పూటలు అన్నం ముట్టలేదు. మా ఆయన దుకాణం ఉన్నదన్నడు. నేనొక్కదాన్నే బిడ్డ చెయ్యి గట్టిగ పట్టుకొని పోయిన. డాక్టరమ్మకు తెలుగు ఒక్క ముక్క రాదు. పుట్టినప్పటి నుంచి అన్ని అడిగి, చెవులు పరీక్ష చేయించుమని రాసి, మాకొకటి, బాయికొకటి ప్రశ్నల కాగితాలు ఇచ్చింది. ఆఖరికి, పిల్ల ఎప్పుడు ఎక్కువసేపు కూసుంటది అని అడిగింది. మేక కథ చెప్పినప్పుడు అందామంటే మరాఠీ అందలేదు. ఒళ్లె, రుమాలు, నములుడు... ఆడనే ఏడ్చిన. ఇప్పుడు ఎందుకు చెప్తలేరని ఆమె అడిగితే, ముక్కలు ముక్కలుగ అంత చెప్పిన. "మీ భాషల చెప్పుండ్రి, నాకు సమజ్ కాకున్నా మంచిదే" అన్నది. బిడ్డ అప్పుడు బీరువ సొరుగులు గుంజుతున్నది. నేను కండ్లు తుడుచుకొని, ఒక మేక ఉండె, దానికి అంగడి చూడాలని మనసైంది అని మొదలువెట్టిన. సొరుగుల సప్పుడు ఆగింది. మేక జీపెక్కేసరికి బిడ్డ అచ్చి నా మోకాలుకు ఆనింది. నేను గుటక మింగనీకి ఆగితే, "మగ్ కాయ్ ఝాలం, ఆయీ?" అన్నది. తర్వాత ఏమైందని. నా కథ తెలుగుల, ఆమె అడుగుడు మరాఠీల.

కాగితాలన్ని చూసినంక డాక్టరమ్మ ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పింది, ధ్యాస నిలువకపోవుడు, కుదురు లేకపోవుడు అన్నట్టు. పెంపకం తప్పు కాదన్నది. మూడు భాషలతోని ఇది రాదు, ఒకటి తీసేస్తే పోదు అన్నది. మొదటి మాటకు పానం అల్కగైంది. రెండో మాటకు నా మీద నాకే అసహ్యమైంది. బిడ్డ ఇంక చిన్నగున్నది, ముందుగాల గోళీలు కాదు, తల్లిదండ్రులకే శిక్షణ అన్నది. ఈసారి మా ఆయనను గూడ గుంజుకపోయిన. ఎదురుంగ కూసోని, భుజం మీద చెయ్యేసి, ఒక్కసారి ఒక్క పనే చెప్పాలె. చేసిన ఎంటనే మెచ్చుకోవాలె. తినుడు, పండుడు రోజు ఒక్క యాళ్లకే. బాయి గూడ పాపం ముందు వరుసల కూసోబెట్టి, పలకలు పంచే పని ఆమెకే అప్పజెప్పింది. ఏడో ఏడు నిండినంక ఒక చిన్న గోళీ మొదలువెట్టిండ్రు. ఆకలి తగ్గితే మోతాదు మార్చిండ్రు, బరువు చూసిండ్రు, మళ్ల మార్చిండ్రు. కుదురనీకి నెలలు పట్టింది. రోడ్డు మీద నా చెయ్యి పట్టుకొని, రెండు దిక్కుల చూసి, "ఆతా చల్", ఇప్పుడు నడువు, అని ఆమెనే నన్ను దాటించిన నాడు, ఇంటికచ్చి మా అత్తకు చెప్తే ముసలామె కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చింది.

ఇప్పుడు మంచిగ సదువుతది. డాక్టరమ్మ చెప్పిన నాటి నుంచి ఇంట్ల అందరం మళ్ల తెలుగే. నేను ఎంత చెప్పినా ఇంటది, నవ్వుతది, మరాఠీల జవాబిస్తది. మాట్లాడు బిడ్డా అంటే సిగ్గుపడతది, తప్పులు పోతయ్ ఆయీ అంటది. పోయిన ఎండకాలం జరమచ్చి మూడు దినాలు లేవలేదు. మధ్యాహ్నం కంచం పట్టుకొని పోతే, కండ్లు తెరవకుండనే నా చీర పట్టుకొని "అమ్మా, బువ్వ వద్దు, నువ్వు ఈన్నే బజ్జో" అన్నది. నేను కంచం కింద పెట్టి పక్కన ఒరిగిన. అన్నం అనే మాట ఆమెకు తెల్వక కాదు, నోటికి అచ్చేది ఆ బువ్వనే. నేను బంద్ చేసిన నాడు ఏడిదాక మాట్లాడిందో, ఆడనే ఆగింది. నా బిడ్డకు పదహారేండ్లు నిండినయి, ఆమె తెలుగుకు ఇంక ఐదేండ్లే.