మూడు చెవిటి రేడియోలు

ఏడాది తిరగకముందే నేను మూడు షార్ట్‌వేవ్ రేడియోలు మార్చాను. మూడింటికీ ఒకటే జబ్బు. చప్పుడు వస్తుంది, మాట తెలియదు.

"మూడు రేడియోలకు ఒక్కటే బీమారి ఎట్లొస్తదయ్యా? బీమారి నీ చెవులకున్నది. డాక్టర్ కాడికి పో" అని మా ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళుగా షార్ట్‌వేవ్ వింటున్నవాణ్ని. సముద్రాల అవతల ఎవడో గుసగుసలాడినా పట్టుకున్న చెవులివి. వాటికి వంక పెట్టేదెవరయ్యా అంటే, రేడియోను పొద్దున భక్తి పాటలకు తప్ప ముట్టని మనిషి!

ఉద్యోగం నాది బాయి మీద. మా నస్పూర్ వైపు బొగ్గు గనిని బాయి అనే అంటాం. లోపలికి గాలి ఆడించే పెద్ద ఫ్యాను ఉంటుంది, ఇల్లంత ఉంటుంది. దాని పక్కన ఇరవై తొమ్మిదేళ్ళు డ్యూటీ చేశాను. అక్కడ ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి అరవాలి. అంత చప్పుడులో ఉండి కూడా నా చెవులు చెక్కుచెదరలేదని రిటైరై దిగిపోయేనాడు సన్మాన సభలో గొప్పగా చెప్పుకున్నాను. కింద కూర్చున్నవాళ్ళు దానికి ఏదో అన్నారు, నవ్వారు కూడా. ఏమన్నారో నాకు వినబడలేదు.

షార్ట్‌వేవ్ పిచ్చి ఏమిటో తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. దూరదేశపు స్టేషన్‌ను పట్టుకుని వింటాం. ఏ రోజు, ఏ సమయానికి, ఏ మీటరు మీద విన్నామో, బలం ఎంత, గోల ఎంత, పక్క స్టేషన్ అడ్డం ఎంత, అన్నీ ఐదుకు ఇన్ని మార్కులని వేసి ఉత్తరం రాస్తాం. విన్నట్టు రుజువుగా కార్యక్రమంలో ఏం చెప్పారో కూడా రాయాలి. వాళ్ళు సరిచూసుకుని, నిజమే విన్నావు అని బొమ్మ కార్డు ఒకటి పంపుతారు. అట్లాంటి కార్డులు నా ఇనుప పెట్టె నిండా ఉన్నాయి. వినకుండానే పక్కవాడి ఉత్తరం చూసి రాసి కార్డులు తెప్పించుకునే దొంగలు మాలో లేకపోలేదు. అట్లాంటివాడు కనిపిస్తే నలుగురిలో కడిగి పారేసేవాణ్ని. నా సంతకం కింద ఒక్క అబద్ధం లేదు. నా పరువంతా అదే అనుకునేవాణ్ని, అది పోతే ఇంక నేనెందుకు అన్నంత బిగువుగా ఉండేవాణ్ని.

అందుకని రేడియో కొనడమంటే నాకు పిల్లకు సంబంధం చూసినంత పని. మొదటిది కరీంనగర్ బస్టాండ్ వెనక దుకాణంలో చూశాను. అట్ట మీద తొమ్మిది బ్యాండ్లని రాసుంది. రంగురంగుల లైట్లు, పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రం, టార్చి, అన్నీ ఉన్నాయి, ఒక్క రేడియో తప్ప. ముల్లు వెంట్రుకవాసి కదిపితే నాలుగు దేశాలు ఒకేసారి మీద పడతాయి. "సార్, గీ దాంట్ల పాటలు మస్తు గట్టిగొస్తయి" అన్నాడు దుకాణదారు. నాకు కావలసింది గట్టితనం కాదు నాయనా, తేట అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపికగా విని, ఏదో అడిగాడు. రెండుసార్లు అడిగాక కాగితం మీద రాసి చూపించాడు: బ్యాగు కావాల్నా?

రెండోది పాత సరుకు, ముల్లు నెమ్మదిగా తిరిగే మంచి జాతిది. మూడోది అంకెల రేడియో. స్టేషన్ అంకె నొక్కితే నేరుగా అక్కడికే పోతుంది, అటూ ఇటూ సన్నగా సవరించుకునే చక్రం కూడా ఉంది. దుకాణంలో వింటే బాగుందని మోసపోకూడదని, పక్కన ట్యూబులైట్ ఉంటే ఆర్పించి, ఏరియల్ కడ్డీ లాగి, కిటికీ దగ్గర పెట్టి పరీక్ష చేశాను. ఆ కడ్డీకి మొసలి నోరులాంటి క్లిప్పుతో ఇంకో ఇరవై మూరల రాగితీగ తగిలించి చూశాను. అంత జాగ్రత్తపరుణ్ని. ఒక్క చెవులనే పరీక్ష చేయలేదు.

ఇంట్లో వినడం ఎట్లాగూ కుదరదు. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, చార్జర్లు, ప్రతిదీ షార్ట్‌వేవ్ మీద గీపెడుతుంది. అందుకని రోజూ సాయంత్రం ఎండ దిగాక గోదావరి ఒడ్డుకు పోతాం. పోతాం అంటే నేనూ, నా దోస్తూ. ఆయనా మా బాయివాడే. లాంప్‌రూంలో పనిచేశాడు, దిగేవాళ్ళ నెత్తికి లైటు ఇచ్చి, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. తుమ్మచెట్టుకు తీగ కట్టడం ఆయన పని, రేడియో తిప్పడం నా పని.

జబ్బు రేడియోలదేనని మా ఆవిడ నమ్మకపోయినా ఆయన నమ్మాడు. "గిది గూడ ఖరాబేరా" అంటే, "అవు, ఖరాబే" అనేవాడు. "మాట తెలుస్తలేదు" అంటే, "జర గోల ఉన్నది" అనేవాడు. ఒక దూరదేశపు హిందీ ప్రసారం మేము విడవకుండా వినేది. నాకు గుర్రుగుర్రుమని మనిషి గొంతు మాత్రం వచ్చేది. "ఏమంటుండురా?" అని అడిగేవాణ్ని. ఆయన చెవి రేడియోకు ఆనించి, కళ్ళు మూసుకుని విని, ఒక్కొక్క ముక్కే చెప్పేవాడు. నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. ఒకరు విని ఒకరు రాసుకుంటే తప్పేముంది, ఇద్దరం ఒకే రేడియో ముందరే ఉన్నాం కదా అని నాకు నేనే రూలు సవరించుకున్నాను. రూళ్ళు ఇతరుల కోసం.

ఆయన చెప్పే వార్తలు భలే ఉండేవి. మంచు కురిసే ఆ దేశంలో కూడా పైపుల కోసం రోడ్డు తవ్వి ఆరు నెలలు అట్లనే వదిలేశారట. అక్కడా పింఛను ఆఫీసులో ముసలివాళ్ళను బతికే ఉన్నావా అని వేలిముద్ర అడుగుతున్నారట. ఒక ఊళ్ళో ఇద్దరన్నదమ్ములు గట్టు కోసం కొట్టుకుని మళ్ళీ ఒకరి బిడ్డ పెండ్లిలో ఒకరు ఏడ్చారట. బెండకాయ సాగు మీద అయితే వారం రోజులు వరుసగా వచ్చింది. ఎక్కడికి పోయినా మనిషి బతుకు ఒక్కటే సుమా అని నేను ఆశ్చర్యపోయాను. మంచులో బెండకాయ ఎట్లా కాస్తుందని మాత్రం అడగలేదు. ఆ బెండకాయ కార్యక్రమం చాలా బాగుందనీ, బలం మూడు, గోల రెండు అనీ, రెండు పేజీల ఉత్తరం రాసి పంపాను.

కార్డు రాలేదు. ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాశారు. మీ అభిమానానికి కృతజ్ఞతలు, అయితే మా హిందీ ప్రసారం షార్ట్‌వేవ్ మీద నిలిచిపోయి ఎనిమిది నెలలు దాటింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో మాత్రమే ఇస్తున్నాం. మీరు విన్నానని రాసిన బెండకాయ సాగు కార్యక్రమం మేము ఎన్నడూ ప్రసారం చేయలేదు. దయచేసి మరోసారి సరిచూసుకోగలరు.

నాలుగుసార్లు చదివాను. నా ముప్పై ఏళ్ళ పరువు గోదాట్లో కలిసిపోయింది. నేను నలుగురిలో కడిగి పారేసిన దొంగల వరసలో నన్నే తెచ్చి నిలబెట్టారు, అదీ బెండకాయ పట్టుకుని! నేరుగా ఒడ్డుకు పోయాను. ఆయన అప్పటికే తీగ కట్టి కూర్చున్నాడు. ఉత్తరం మొహాన పడేశాను.

"ఏందిరా ఇది? ఎనిమిది నెలల సంది ఏం ఇన్నవ్ నువ్వు?"

ఆయన నింపాదిగా చదివాడు. మడిచి నా చేతికిచ్చాడు. నా వైపు తిరిగి, పెదాలు కనిపించేటట్టు, గట్టిగా చెప్పాడు. అట్లా ఎన్నాళ్ళ నుంచి మాట్లాడుతున్నాడో నేను గమనించలేదు.

"గా హిందీ బందయింది. గా జాగల వేరే దేశపోళ్ళొచ్చిండ్రు. ఏదో చీనా భాష లెక్కున్నది. నాకు ఒక్క ముక్క సమజ్ కాలే."

"మరి గవన్ని?"

"నేనే చెప్పిన. మన దిక్కు ముచ్చట్లే."

"మరి నాకు చెప్పద్దా?"

"ఏమని చెప్పాలె? హిందీ పోయి చీనా వచ్చింది, అది గూడ నీకు తెలుస్తలేదని చెప్పాల్నా? నీకు కోపం ముక్కు మీదుంటది. రేడియో పక్కకు పడేసి ఇంట్ల కూసుంటవ్."

అది నిజమే. అట్లాగే చేసేవాణ్ని. అప్పుడు నాకు తెలిసింది, రేడియోలు మూడూ మంచివేనని. సిగ్గుపడాల్సిన చోట కూడా కోపమే వచ్చింది.

"నేను ఇంట్ల కూసుంటే నీకేందిరా? నా పరువు తీస్తవా?" అని అరిచాను.

"మా ఇంట్ల ఐదుగురం, ఐదు ఫోన్లు" అన్నాడు. "నేను ఏదన్న చెప్పబోతే, మేం పొద్దుగాలనే చూసినం తాతా, ఫోన్ల వచ్చింది అంటరు. మా బెండ చేను ముచ్చట చెప్పబోయినా గది గూడ ఫోన్ల చూసిండ్రట. నువ్వొక్కనివే, ఏమన్నడురా అని అడుగుతవ్. అడుగుడే కాదు, బుక్కుల రాసుకుంటవ్. నేను చెప్పింది ఒకలు రాసుకునుడు నా జిందగీల ఎన్నడు లేదు. మొదాలు ఒక్క దినం చెప్దామనుకున్న. నువ్వు రాసుకుంటుంటే ఆపబుద్ధి కాలే."

నాకు దుఃఖమొచ్చింది. ఎనిమిది నెలలు ఆయన పక్కన కూర్చుని ప్రపంచాన్ని వెతికాను గానీ, ఇంట్లో ఎట్లున్నవురా అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. జేబులోంచి పెన్ను తీసి, ఆ ఉత్తరాన్నే తిరగేసి మోకాలి మీద పెట్టుకున్నాను.

"వాళ్ళకు మాఫీ చిట్టి రాయాలె. నువ్వు చెప్పు, నేను రాస్త."

"ఏమని చెప్పాలె?"

"ఉన్నదే చెప్పు."

"ఉన్నదంటే, మా దోస్తుకు చెవులు ఇనబడయని చెప్పాలె."

"చెప్పు."

చెప్పాడు. రాశాను. తప్పు ఆయనది కాదు, సంతకం నాది కాబట్టి నాదే అని ఒక ముక్క నేను కలిపాను. చదివి వినిపిస్తే తల ఊపాడు. సంతకం పెట్టబోతుంటే నా చేయి పట్టుకుని ఆపాడు.

"మా పెరట్ల జామచెట్టుకు ఈసారి మస్తు కాయ పడ్డదని గూడ రాయి."

"గది వాళ్ళకెందుకురా?"

"రాయిరా. అక్కడ ఎవలో ఒకలు కూసోని చదువుతరు గదా."

రాశాను.